రెండు పద్దుల అధికారం

సంక్రాంతి సెలవులు ముగిసి ఆఫీసులు తెరిచిన పొద్దున హైదరాబాదులో ఏ పెద్ద కంపెనీ హెల్ప్‌డెస్క్‌లో కూర్చున్నా వినిపించే మాట ఒకటుంటుంది: "అన్నా, పాస్‌వర్డ్ మర్చిపోయాను. నాలుగైదుసార్లు కొట్టేసరికి అకౌంట్ లాకైపోయింది. తొమ్మిదిన్నరకి మీటింగుంది, కొంచెం చూడవా?" అవతలి కుర్రాడు ఉద్యోగి నంబరు అడుగుతాడు, ఒకటి రెండు వివరాలు సరిచూసుకుంటాడు, తాత్కాలిక పాస్‌వర్డ్ చెప్పి ఫోన్ పెట్టేస్తాడు. రెండు నిమిషాల వ్యవహారం. దాన్ని ఎవరూ ఓ పనిగా కూడా లెక్కవేయరు.

కానీ ఆ కుర్రాడు ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కూడా అయ్యుండకపోవచ్చు. ఏదో కాంట్రాక్టు ఏజెన్సీ తరఫున వచ్చినవాడూ కావచ్చు. అతని స్క్రీన్ మీద కనిపించే డైరెక్టరీలోనే కంపెనీ ఎండీ అకౌంటు ఉంది, జీతాలు వేసేవాళ్ల అకౌంట్లు ఉన్నాయి, నెట్‌వర్క్ మొత్తాన్నీ నడిపే అడ్మిన్ల అకౌంట్లూ ఉన్నాయి. ఒకరి పాస్‌వర్డ్ మార్చగలిగినవాడు ఆ మనిషి పేరుతో లోపలికి వెళ్లిపోగలడు. మరి ఈ కుర్రాడి చేతికి ఇచ్చిందెంత? దాన్ని ఎక్కడ ఆపారు? మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీ ఈ ప్రశ్నకు చెప్పిన జవాబు, ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో నాకు తెలిసిన పనితనాల్లో చాలా మేలైనది. పాతికేళ్లు దాటినా దాని అసలు కట్టడం అలాగే ఉంది. అందులో కొన్ని లోపాలూ ఉన్నాయి, వాటినీ చెబుతాను. ముందు దాని అందం చూద్దాం.

అంతకుముందు సంగతి ఎలా ఉండేదో తెలిస్తే గానీ దీని విలువ అర్థం కాదు. విండోస్ ఎన్‌టీ 4.0 రోజుల్లో, కంపెనీ కంప్యూటర్లనూ అకౌంట్లనూ కలిపి నడిపే డొమైన్‌లో అకౌంట్లన్నీ ఒకే జాబితాగా ఉండేవి. లోపల విభాగాలుండేవి కావు. పాస్‌వర్డ్ మార్చే పని ఎవరికైనా అప్పగించాలంటే అతన్ని అకౌంట్ ఆపరేటర్స్ అనే గ్రూపులో చేర్చాలి. చేర్చగానే పాస్‌వర్డ్ మార్చే వీలొక్కటే రాదు. అకౌంట్లు సృష్టించడం, తీసేయడం, గ్రూపుల్లో మనుషుల్ని చేర్చడం, చివరికి అందరి లాగిన్లనూ సరిచూసే సర్వరైన డొమైన్ కంట్రోలర్ ముందు కూర్చుని లాగిన్ కావడం కూడా వచ్చేస్తాయి. అడ్మిన్ల అకౌంట్ల జోలికి పోలేడన్నది ఒక్కటే ఊరట. విశాఖ బ్రాంచిలో ఉన్న మనిషికి విశాఖ ఉద్యోగుల మీద మాత్రమే అధికారం ఇవ్వాలనుకుంటే విశాఖకు వేరే డొమైన్ పెట్టడం తప్ప దారి లేదు. అందుకే పెద్ద సంస్థలు డొమైన్ల మీద డొమైన్లు పెట్టి, వాటి మధ్య ట్రస్టులు కట్టి, ఆ అల్లికలో తామే చిక్కుకునేవి.

విండోస్ 2000తో పాటు యాక్టివ్ డైరెక్టరీ 2000 ఫిబ్రవరి 17న మార్కెట్లోకి వచ్చింది. డైరెక్టరీని చెట్టులా కొమ్మలుగా పేర్చే ఆలోచన మైక్రోసాఫ్ట్ సొంతం కాదని చెప్పడం న్యాయం. 1988 నాటి ఎక్స్.500 ప్రమాణంలోనే అది ఉంది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఎల్‌డ్యాప్ అనే ప్రోటోకాల్ దాన్ని తేలిక చేసింది. నొవెల్ సంస్థ 1993లోనే నెట్‌వేర్ 4తో అలాంటి డైరెక్టరీని ఆఫీసుల్లోకి తెచ్చింది. ఆ కొమ్మనే యాక్టివ్ డైరెక్టరీలో ఓయూ అంటారు. విశాఖకు ఒక ఓయూ, వరంగల్‌కు ఒక ఓయూ పెట్టుకోవచ్చు. ఓయూ మీద రైట్ క్లిక్ చేసి డెలిగేట్ కంట్రోల్ అన్నది నొక్కితే ఒక విజార్డ్ తెరుచుకుంటుంది. ఎవరికి అని అడుగుతుంది; హెల్ప్‌డెస్క్ గ్రూపు పేరు ఇస్తాం. ఏ పని అని అడుగుతుంది. యూజర్ల పాస్‌వర్డ్ రీసెట్ చేయడం, తర్వాతి లాగిన్‌లో తప్పనిసరిగా మార్చుకునేలా చేయడం అన్న వరస మీద టిక్ పెడతాం. ఫినిష్ నొక్కుతాం. అంతే.

విజార్డ్ చేసింది చూడటానికి చాలా చిన్నది. ఆ ఓయూ అనుమతుల చిట్టాలో రెండు పద్దులు రాసింది. నేను ఈ వ్యాసం రాస్తున్నది ఆ రెండు పద్దుల గురించే.

మొదట పద్దు నిర్మాణం చూడాలి. 1993లో వచ్చిన తొలి విండోస్ ఎన్‌టీ నుంచీ అనుమతి పద్దులో ముఖ్యంగా ఉండేవి రెండు: ఎవరికి అన్నది చెప్పే గుర్తింపు సంఖ్య, ఏం చేయవచ్చో చెప్పే 32 బిట్లు. ఫైళ్లకు అది బాగా సరిపోయింది. చదవడం, రాయడం, నడపడం, తీసేయడం లాంటివి 32 బిట్లలో హాయిగా ఇమిడిపోతాయి. డైరెక్టరీ అలాంటిది కాదు. ఒక యూజర్ ఆబ్జెక్టుకు పేరు, ఫోన్ నంబరు, మేనేజరు, లాకౌట్ సమయం అంటూ వందల లక్షణాలుంటాయి. ప్రతి కంపెనీ తన సొంత లక్షణాలనూ చేర్చుకోవచ్చు. ఒక్కో లక్షణానికి ఒక్కో బిట్ కేటాయించుకుంటూ పోతే 32 ఏ మూలకి?

విండోస్ 2000 రూపకర్తలు పాత పద్దును పారేయలేదు. దాన్ని పక్కకు కొంచెం పొడిగించారు. కొత్త రకం పద్దులో 16 బైట్ల సంఖ్యలు రెండు చేర్చే వీలు కల్పించారు. మొదటి సంఖ్య ఈ అనుమతి దేని మీదో చెబుతుంది. రెండోది ఈ అనుమతి కిందనున్న ఏ రకం ఆబ్జెక్టులకు వారసత్వంగా దిగాలో చెబుతుంది. 32 బిట్లు అలాగే ఉన్నాయి, వాటి అర్థం మాత్రం ఈ సంఖ్యల వల్ల మారుతుంది. రాయవచ్చు అన్న బిట్ పక్కన ఒక లక్షణం సంఖ్య ఉంటే ఆ ఒక్క లక్షణాన్నే రాయవచ్చు. యూజర్ తరగతి సంఖ్య రెండో చోట ఉంటే ఓయూ మీద రాసిన పద్దు ఆ ఓయూకే వర్తించదు, అందులోని గ్రూపులకూ వర్తించదు, యూజర్లకు మాత్రమే దిగుతుంది. ఈ పట్టింపు ఎంత నికార్సైనదంటే, యూజర్‌కు చాలా దగ్గర చుట్టమైన ఐనెట్‌ఆర్గ్‌పర్సన్ అనే తరగతి కోసం విజార్డ్‌లో అదే పనికి విడిగా మరో వరస పెట్టాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక బిట్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చదవడం, రాయడం కాకుండా పేరుగల పనుల కోసం కంట్రోల్ యాక్సెస్ అనే ఒకే ఒక్క బిట్ ఉంచారు. దాని పక్కన ఏ సంఖ్య వేస్తే ఆ పని చేసే హక్కు వస్తుంది. ఆ పనుల పేర్లు, సంఖ్యలు డైరెక్టరీలోనే ఎక్స్‌టెండెడ్ రైట్స్ అనే చోట విడివిడి ఆబ్జెక్టులుగా ఉంటాయి. రేపు కొత్త పని పుడితే అక్కడ ఇంకో ఆబ్జెక్టు చేరుస్తారు, పద్దుల నిర్మాణాన్ని ముట్టుకోనక్కర్లేదు. పాస్‌వర్డ్ రీసెట్ అలాంటి పేరుగల హక్కే. దాని సంఖ్య 00299570తో మొదలవుతుంది. విజార్డ్ రాసిన మొదటి పద్దు అర్థం ఇది: ఈ గ్రూపువారు, ఈ కొమ్మ కిందనున్న యూజర్లకు, 00299570 అనే పని చేయవచ్చు. ఇంకేమీ లేదు. ఎవరి పనికి ఎంత అధికారం కావాలో అంతే ఉండాలన్న సూత్రాన్ని జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ 1975లో కంప్యూటర్ రక్షణ గురించిన తమ ప్రసిద్ధ వ్యాసంలో నియమంగా నిలబెట్టారు. నియమం చెప్పుకోవడం సులువు. లక్షల అకౌంట్ల డైరెక్టరీలో దాన్ని ఒక్క పద్దులోకి కుదించి చూపించడం దొడ్డ పని.

ఆ 00299570 పని కూడా మనం అనుకున్నంత సాదాగా ఉండదు. యాక్టివ్ డైరెక్టరీలో పాస్‌వర్డ్ మార్చుకోవడం వేరు, రీసెట్ చేయడం వేరు. రెండింటికీ వేర్వేరు హక్కులున్నాయి. మార్చుకోవడానికి పాత పాస్‌వర్డ్ తెలియాలి. అదే రుజువు కాబట్టి ఆ హక్కును ఉదారంగా ఇచ్చినా నష్టం లేదు. రీసెట్‌కు పాతది తెలియనక్కర్లేదు, అందుకే దాన్ని లెక్కపెట్టి ఇవ్వాలి. ఈ తేడాను ఎల్‌డ్యాప్ భాషలో రాసిన తీరు చూస్తే నాకు ముచ్చటేస్తుంది. పాస్‌వర్డ్ లక్షణం పేరు యూనికోడ్‌పీడబ్ల్యూడీ. ఒకే అభ్యర్థనలో పాత విలువను తీసెయ్, కొత్త విలువను చేర్చు అని రెండు పనులు పంపితే సర్వర్ దాన్ని మార్పుగా గుర్తిస్తుంది. తీసెయ్యమన్న పాత విలువ సరిపోకపోతే ఆ తొలగింపే విఫలమవుతుంది, పని అక్కడే ఆగిపోతుంది. ఉన్నదాని స్థానంలో ఇది పెట్టు అని ఒకే ఆజ్ఞ పంపితే దాన్ని రీసెట్‌గా గుర్తించి 00299570 హక్కు ఉందా అని చూస్తుంది. దీని కోసం కొత్త ఆజ్ఞలేవీ కనిపెట్టలేదు. తీసెయ్, చేర్చు, స్థానంలో పెట్టు అన్న పాత మూడు మాటల్లోనే రుజువు చూపించేవాడికీ, అధికారంతో చేసేవాడికీ మధ్య గీత గీశారు. ఈ విలువను గుప్తీకరించిన కనెక్షన్ మీదే పంపాలి. ఎల్‌డ్యాప్ ద్వారా దాన్ని చదవాలని ఎవరడిగినా, అడ్మినే అడిగినా, సర్వర్ తిరిగి ఏమీ ఇవ్వదు.

ఇక రెండో పద్దు. పీడబ్ల్యూడీలాస్ట్‌సెట్ అన్న లక్షణాన్ని చదవవచ్చు, రాయవచ్చు అని అది చెబుతుంది. పాస్‌వర్డ్ చివరిసారి ఎప్పుడు మారిందో ఆ లక్షణం దాచుకుంటుంది. 1601 జనవరి 1 నుంచి గడిచిన కాలాన్ని 100 నానోసెకన్ల ముక్కలుగా లెక్కిస్తుంది. గ్రెగోరియన్ క్యాలెండరు 400 ఏళ్ల చక్రంలో తిరుగుతుంది కనుక ఒక చక్రం మొదటి రోజును ఆరంభంగా తీసుకున్నారు. రాయవచ్చు అన్నారు కదా అని ఇష్టమొచ్చిన తేదీ రాయడం కుదరదు. సున్నా రాయవచ్చు, మైనస్ ఒకటి రాయవచ్చు. సున్నా రాస్తే ఈ పాస్‌వర్డ్ ఎన్నడూ పెట్టలేదన్నట్టు లెక్క, కాబట్టి తర్వాతి లాగిన్‌లో కొత్తది పెట్టుకునేదాకా సిస్టమ్ లోపలికి రానివ్వదు. మైనస్ ఒకటి రాస్తే ఇప్పుడే పెట్టినట్టు లెక్క. పాస్‌వర్డ్ ఏడాది కిందటే మారిందని నటించే వీలు హెల్ప్‌డెస్క్‌కు లేదు.

ఈ పద్దు రాయడంలో ఇంకో జాగ్రత్త ఉంది, దాన్ని చాలామంది గమనించరు. యాక్టివ్ డైరెక్టరీలో కొన్ని లక్షణాలను కట్టలుగా కట్టి ఉంచారు. కట్టకు అనుమతి ఇస్తే అందులోవన్నీ వస్తాయి. పీడబ్ల్యూడీలాస్ట్‌సెట్ అకౌంట్ రిస్ట్రిక్షన్స్ అనే కట్టలో ఉంది. విజార్డ్ ఆ కట్టను ఇచ్చేసి చేతులు దులుపుకోవచ్చు. అలా ఇస్తే అకౌంటును డిజేబుల్ చేయడం, పాస్‌వర్డ్‌కు గడువే లేకుండా చేయడం, అకౌంటు ముగింపు తేదీ మార్చడం అన్నీ హెల్ప్‌డెస్క్ చేతికి వెళ్లేవి. విజార్డ్ ఆ కట్ట విప్పి ఒక్క లక్షణాన్నే తీసిచ్చింది. పని తెలిసినవాళ్లు రాశారని నాకు అనిపించేది ఇలాంటి చోట్లే.

రెండు పద్దులనూ కలిపి చూడండి. మొదటిది కుర్రాడికి ఒక పాస్‌వర్డ్ పెట్టే వీలిస్తుంది. రెండోది ఆ పాస్‌వర్డ్‌ను మొదటి వాడకంతోనే చచ్చిపోయేలా చేసే వీలిస్తుంది. యూజర్ లాగిన్ అయి కొత్తది పెట్టుకున్న క్షణం నుంచి కుర్రాడికి తెలిసినదేదీ పనికిరాదు. వాడుకున్నాక తన్ను తానే చెరిపేసుకునే అధికారాన్ని ఇంత తక్కువ సరంజామాతో కట్టడం ఇంకెక్కడైనా ఉందా అని నాకు అనుమానమే. మొదటి పద్దు మాత్రమే ఇచ్చి రెండోది మరిచిపోయిన కంపెనీల్లో ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. హెల్ప్‌డెస్క్ చెప్పిన వెల్‌కమ్@123 లాంటి పాస్‌వర్డే నెలల తరబడి నడుస్తుంది, అది యూజర్‌తో పాటు రీసెట్ చేసినవాళ్లకూ తెలిసే ఉంటుంది. ఈ రెండూ ఒకే టిక్ కింద కలిసి ఉండటం యాదృచ్ఛికం కాదు.

మరొక గుణం ఈ కట్టడం నుంచి దానంతటదే పుడుతుంది. తాళాలు బాగుచేసేవాడు మన తలుపుకు కొత్త తాళం బిగించగలడు గానీ, పాత తాళంచెవి ఎలా ఉండేదో తెలియకపోతే మళ్లీ పాత తాళాన్ని మనకు తెలియకుండా తిరిగి పెట్టలేడు. హెల్ప్‌డెస్క్ కుర్రాడి స్థితీ అదే. దుర్బుద్ధితో ఒకరి పాస్‌వర్డ్ రీసెట్ చేసి లోపలికి వెళ్లాడనుకుందాం. పని ముగించుకుని పాత పాస్‌వర్డ్‌ను తిరిగి పెట్టేయడం అతని వల్ల కాదు, అదేమిటో అతనికి తెలియదు. మర్నాడు అసలు మనిషి వచ్చి లాగిన్ కాబోతే కుదరదు, ఫోన్ మోగుతుంది. ఈ రెండు పద్దులతో చేసే దొంగతనం చప్పుడు చేసి తీరుతుంది. దానికి తోడు సర్వర్ చిట్టా రాస్తుంది. ఆడిట్ ఆన్ చేసి ఉంటే రీసెట్ ప్రయత్నం 4724 నంబరుతో, యూజర్ తానే మార్చుకున్నది 4723తో, లాక్ తీసినది 4767తో సెక్యూరిటీ లాగ్‌లో నమోదవుతాయి. ఎవరు, ఎవరి అకౌంటు మీద, ఎప్పుడు అన్నవి అందులో ఉంటాయి.

ఇక మొదట అడిగిన ప్రశ్నకు వద్దాం. అడ్మిన్ల అకౌంట్ల సంగతేమిటి? ఎవరో పొరపాటున డొమైన్ అడ్మిన్ అకౌంటును విశాఖ ఓయూలో పెట్టారనుకోండి. హెల్ప్‌డెస్క్ పద్దులు ఆ అకౌంటుకూ దిగిపోవాలి కదా. దానికి విడిగా ఒక కాపలా పెట్టారు. సిస్టమ్ కంటైనర్‌లో అడ్మిన్‌ఎస్‌డీహోల్డర్ అనే ఆబ్జెక్టు ఉంటుంది, దాని అనుమతుల చిట్టాయే నమూనా. పీడీసీ ఎమ్యులేటర్ అనే బాధ్యత మోసే డొమైన్ కంట్రోలర్ మామూలుగా ప్రతి 60 నిమిషాలకూ డొమైన్ అడ్మిన్స్, ఎంటర్‌ప్రైజ్ అడ్మిన్స్ లాంటి రక్షిత గ్రూపుల్లోని అకౌంట్లన్నీ చూస్తుంది. ఎవరి చిట్టా నమూనాకు తేడాగా ఉన్నా నమూనాను దాని మీద రాసేస్తుంది, వారసత్వాన్ని తెంపేస్తుంది, అడ్మిన్‌కౌంట్ అనే లక్షణంలో ఒకటి వేస్తుంది. అలా హెల్ప్‌డెస్క్ పద్దు ఆ అకౌంటును అంటకుండా పోతుంది. మనిషి పొరపాటు చేస్తాడని ముందే అనుకుని, గంటకొకసారి దిద్దుకునే ఏర్పాటు ఇది.

దీనికీ ఒక లోటుంది. ఆ మనిషి అడ్మిన్ పని మానేసి గ్రూపు నుంచి బయటికొచ్చాక, తెగిన వారసత్వం తిరిగి అతుక్కోదు, అడ్మిన్‌కౌంట్ చెరగదు. ఏళ్ల తర్వాత ఆయన మామూలు ఉద్యోగిగా ఫోన్ చేస్తే హెల్ప్‌డెస్క్‌కు యాక్సెస్ డినైడ్ వస్తుంది, ఎందుకో ఎవరికీ అంతుపట్టదు. ఇంకోటి, ఎండీ గారి అకౌంటు ఏ రక్షిత గ్రూపులోనూ ఉండదు. జీతాల విభాగం వాళ్లవీ అంతే. వాళ్లను కాపాడటం ఓయూలు పేర్చేవాడి బాధ్యత. రీసెట్ హక్కు దిగకూడని అకౌంట్లను వేరే కొమ్మలో పెట్టడం సాఫ్ట్‌వేర్ మనకు వదిలిన పనితనం. ఓయూలను కంపెనీ ఆర్గనైజేషన్ చార్టు చూసి గీసేవాళ్లున్నారు. ఎవరి పాస్‌వర్డ్ ఎవరు ముట్టుకోవచ్చన్న ప్రశ్నతో గీసినప్పుడే అవి బాగా కుదురుతాయి.

రీసెట్ చేసిన మరుక్షణం ఏమవుతుందన్నది ఇంకో కథ. హైదరాబాదు హెల్ప్‌డెస్క్ హైదరాబాదు డొమైన్ కంట్రోలర్ మీద పాస్‌వర్డ్ మార్చింది. విశాఖలో ఉన్న యూజర్ విశాఖ కంట్రోలర్ దగ్గర లాగిన్ అవుతాడు. వేర్వేరు సైట్ల మధ్య డైరెక్టరీ సమాచారం చేరడానికి మామూలు గడువు 180 నిమిషాలు. అంటే మూడు గంటలు ఆగమనాలా? అక్కర్లేదు. పాస్‌వర్డ్ మారిన వెంటనే ఆ కంట్రోలర్ మామూలు వరసలో ఆగకుండా పీడీసీ ఎమ్యులేటర్‌కు నేరుగా కబురు పంపుతుంది. విశాఖ కంట్రోలర్‌కు వచ్చిన పాస్‌వర్డ్ తన దగ్గరున్న దానితో సరిపోకపోతే, తప్పు అని కొట్టిపారేసే ముందు పీడీసీ ఎమ్యులేటర్‌ను ఒకసారి అడుగుతుంది. అక్కడ కొత్తది ఉంది కాబట్టి తలుపు తెరుచుకుంటుంది. మనం ఫోన్ పెట్టేసేలోపు పాస్‌వర్డ్ పనిచేయడం వెనక ఇంత మర్యాద దాగి ఉంది.

యూజర్ దాచుకున్న రహస్యాల సంగతీ ఆలోచించారు. విండోస్‌లో డీపీఏపీఐ అనే ఏర్పాటు యూజర్ దాచుకున్న పాస్‌వర్డ్‌లు, సర్టిఫికెట్ల తాళాలను అతని పాస్‌వర్డ్ నుంచి పుట్టిన తాళంతోనే భద్రపరుస్తుంది. పాతది తెలియకుండా రీసెట్ చేస్తే అవన్నీ పోవాలి. డొమైన్‌లో లేని ఒంటరి కంప్యూటర్లో లోకల్ అకౌంటును అలా రీసెట్ చేస్తే నిజంగానే పోయే ప్రమాదం ఉంది, విండోస్ ఆ హెచ్చరిక చూపిస్తుంది. డొమైన్ అకౌంట్లకు అలా కాకుండా, ఆ రహస్యాలను తెరిచే మూల తాళానికి ఇంకో ప్రతిని డొమైన్ కంట్రోలర్ సాయంతో తిరిగి తెరవగలిగేలా దాస్తారు. యూజర్‌కు ఇదంతా జరిగిందని కూడా తెలియదు.

ఇంత మెచ్చుకున్నాక విజార్డ్ మీద నా ఫిర్యాదులూ చెప్పాలి. ఇచ్చిన అధికారాన్ని వెనక్కు తీసుకునే విజార్డ్ లేదు. ఏ ఓయూ మీద ఎవరికి ఏం ఇచ్చామో ఒక్కచోట చూపించే తెర కూడా అందులో లేదు. వ్యూ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్స్ ఆన్ చేసి, సెక్యూరిటీ ట్యాబ్‌లోకి వెళ్లి, పద్దులు ఒక్కొక్కటీ చదువుకోవాలి. గ్రూపుకు కాకుండా మనిషి పేరున అధికారం ఇచ్చిన చోట, ఆ మనిషి వెళ్లిపోయి అకౌంటు తీసేశాక పేరులేని పొడవాటి సంఖ్య ఒకటి చిట్టాలో మిగిలిపోతుంది. రెండోది, లాక్ తీసే హక్కు ఈ టిక్‌లో లేదు. అకౌంటు లాకైందని ఫోన్ చేసేవాళ్లే ఎక్కువైన చోట ఇది వింత లోపం. లాకౌట్‌టైమ్ అనే లక్షణంలో సున్నా రాసే అనుమతిని మనం విడిగా ఇవ్వాలి. విండోస్ 2000లో ఆ లక్షణం అనుమతుల తెర మీద కనిపించేది కూడా కాదు. డీఎస్‌సెక్ అనే ఫైలులో దాని పక్కనున్న 7 అంకెను 0గా మార్చితే గానీ బయటపడేది కాదు. మంచి పనివాడు మూలన వదిలేసిన గరుకు అంచు ఇది.

ఇంటి నుంచి పని మొదలయ్యాక మరో ఇబ్బంది బయటపడింది. ల్యాప్‌టాప్ ఆఫీసు నెట్‌వర్క్‌కు దూరంగా ఉన్నప్పుడు తాను దాచుకున్న పాత లాగిన్‌నే నమ్ముతుంది. డొమైన్ కంట్రోలర్ మీద రీసెట్ చేసిన కబురు దానికి అందదు. పాతది మరిచిపోయి, కొత్తది ల్యాప్‌టాప్ గుర్తించక, వీపీఎన్ లోపలికి రానివ్వక, ఏలూరులోనో ఖమ్మంలోనో ఇంట్లో దిక్కుతోచక కూర్చున్న ఉద్యోగుల గోడు 2020 తర్వాత హెల్ప్‌డెస్కులు చాలానే విన్నాయి. ఈ కట్టడం పుట్టింది అందరూ ఆఫీసు గోడల మధ్యే పనిచేసిన కాలంలో.

అసలు పెద్ద ప్రశ్న పద్దులకు అవతల ఉంది. ఫోన్‌లో మాట్లాడుతున్నది నిజంగా ఆ ఉద్యోగేనా? దీనికి యాక్టివ్ డైరెక్టరీ దగ్గర జవాబు లేదు. 2023 ఆగస్టులో క్లోరాక్స్ అనే అమెరికా సంస్థ మీద సైబర్ దాడి జరిగింది. తన హెల్ప్‌డెస్క్ నడిపే కాంట్రాక్టు సంస్థ సిబ్బంది, ఫోన్ చేసినవాడెవడో నిర్ధారించుకోకుండానే పాస్‌వర్డ్‌లు ఇచ్చేశారని ఆరోపిస్తూ ఆ కంపెనీ 2025లో దావా వేసింది. కాంట్రాక్టు సంస్థ ఆ వాదనను ఒప్పుకోలేదు. తీర్పు ఎలా వచ్చినా, మన హైదరాబాదులో రాత్రి షిఫ్టుల్లో అమెరికా ఉద్యోగుల ఫోన్లు ఎత్తే పిల్లలకు ఇది పరాయి కథ కాదు. తొందరపెట్టే గొంతుకు లొంగకుండా, "సర్, మీ నమోదైన నంబరుకు నేనే తిరిగి ఫోన్ చేస్తాను" అని మర్యాదగా చెప్పగలిగే ధైర్యం ఆ కుర్రాడికి ఉండాలి. అలా చెప్పినందుకు ఫిర్యాదు వస్తే మేనేజరు అతని పక్కన నిలబడాలి. కాల్ ఎన్ని సెకన్లలో ముగించావన్న లెక్కతో అతని జీతం పెంచే చోట ఆ ధైర్యం ఎలా వస్తుంది?

కాలం క్లౌడ్‌కు మళ్లింది. యూజర్ తన ఫోన్‌తోనే పాస్‌వర్డ్ రీసెట్ చేసుకునే ఏర్పాట్లు వచ్చాయి. క్లౌడ్‌లో మార్చిన పాస్‌వర్డ్‌ను కంపెనీ డైరెక్టరీలోకి తిరిగి రాసే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్‌కు ఏ అనుమతులు కావాలో చూస్తే నాకు సంతోషం కలిగింది. పాస్‌వర్డ్ రీసెట్ హక్కు, పీడబ్ల్యూడీలాస్ట్‌సెట్ రాసే అనుమతి, లాకౌట్‌టైమ్ రాసే అనుమతి అందులో ఉన్నాయి. కుర్రాడి స్థానంలో యంత్రం వచ్చినా అది అడిగే పద్దుల్లో అవే ముఖ్యం.

మీరు ఏదైనా సంస్థలో ఈ డైరెక్టరీని చూసుకునేవారైతే ఒక మనవి. ఈ వారంలో తీరిక చేసుకుని రెండు చోట్ల చూడండి. ముందు అకౌంట్ ఆపరేటర్స్ గ్రూపు తెరవండి. దాన్ని ఖాళీగా ఉంచమని మైక్రోసాఫ్టే చెబుతుంది. అందులో గానీ, డొమైన్ అడ్మిన్స్‌లో గానీ హెల్ప్‌డెస్క్ వాళ్ల పేర్లుంటే తీసేయండి. తర్వాత యూజర్లున్న ఓయూ సెక్యూరిటీ ట్యాబ్ తెరిచి, హెల్ప్‌డెస్క్ గ్రూపు పేరు పక్కన ఏముందో చదవండి. రీసెట్ పాస్‌వర్డ్, పీడబ్ల్యూడీలాస్ట్‌సెట్, మీరు విడిగా ఇచ్చి ఉంటే లాకౌట్‌టైమ్. అంతకు మించి ఒక్క పద్దు కనిపించినా అది ఎందుకుందో కనుక్కోండి.